టూర్మలే కనుమ: మనుష్యశక్తికి తులామానము

ఫ్రాన్సు, స్పెయిను దేశములకు నడుమ అట్లాంటికు తీరము మొదలు మధ్యధరా తీరము వఱకు వ్యాపించియున్న పిరనీసు పర్వతశ్రేణిలో, ఫ్రాన్సు భాగమున, సముద్రమట్టమునకు 2,115 మీటర్ల ఎత్తున టూర్మలే అను కనుమ యొకటి కలదు. ఆ శ్రేణిలో దానిని మించిన శిఖరములు పెక్కులు గలవు. ఆల్ప్సు పర్వతములలో దానికంటె ఎత్తైన బాటలును గలవు. అయినను 1910వ సంవత్సరము మొదలు నేటి వఱకు టూర్ డి ఫ్రాన్స్ అను సుప్రసిద్ధమైన సైకిలు పందెము ఎనుబది పర్యాయములకు పైగా ఈ కనుమను దాటినది. మఱి యే మహాపర్వతమార్గమునకును ఆ పందెముతో ఇంతటి చిరపరిచయము లేదు. జులై మాసమున పందెగాండ్రు వచ్చు దినమున వేలకొలది జనులు ముందునాటి నుండియే బాట కిరువైపుల బసచేసి, కొన్ని నిమిషములలో తమ్ము దాటిపోవు ఆ పురుషులను చూచుటకై గంటల తరబడి ఎండకును వానకును ఓర్చియుందురు. వారిని అచ్చటికి రప్పించునది కేవలము దృశ్యసౌందర్యము కాదు. మైదానమున నూఱుమంది నడుమ దాగియుండగల మనుష్యుని బలాబలములు ఈ కొండమీద దాగవు. భౌతికశాస్త్ర నియమములే అచ్చట ప్రతివానిని వేఱుపఱచి, వాని శక్తిని వానికే తూచి చూపును. ఆ తూనిక ఎట్లు జరుగునో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఆ కొండ పుట్టువును గుఱించి కొంత తెలిసికొనవలెను. సుమారు ఎనిమిది కోట్ల యేండ్ల క్రిందట, నేడు స్పెయిను, పోర్చుగలు దేశములున్న ఐబీరియా భూఫలకము ఉత్తరమున నున్న యూరోపు ఫలకముపైకి ఒత్తుకొనివచ్చుటకు ఆరంభించెను. కోట్ల సంవత్సరములు సాగిన ఆ ఒత్తిడిచేత నడుమనున్న శిలాస్తరములు ముడుతలుపడి, విఱిగి, ఒకదానిపై నొకటి యెక్కి పిరనీసు పర్వతములైనవి. పిమ్మట హిమయుగములలో ఆ పర్వతముల లోయలను హిమానీనదములు నింపి, తమ బరువుచేతను మందగమనము చేతను వాని యడుగును ప్రక్కలను ఒఱసి వెడల్పుచేసినవి. అట్లు తొలువబడిన రెండు లోయలు ఎదురెదురుగా వచ్చి తమ తలాపులను ఆనించుకొన్నచోట మిగిలిన పల్లపు గట్టే టూర్మలే. దానికి పడమట పడిన వాన బాస్తాన్ అను సెలయేటిలో చేరి, బరేజ్ గ్రామము మీదుగా దిగి గావ్ ద పో నదిలో కలియును. తూర్పున పడినది అదూర్ నదికి ఊటయగును. ఆ రెండు నదులును వేర్వేఱు త్రోవల ననేక గ్రామములను తడిపి, అట్లాంటికును చేరుటకు ముందు మరల నేకమగును. హిమానీనదములు తొలిచిన లోయల లక్షణమేమనగా, క్రింది భాగమున అవి సాగుడుగా నుండి తలాపు చేరునప్పటికి నిట్రముగా లేచును. కావుననే తూర్పుబాటలో తొలి నాలుగైదు కిలోమీటర్లు సుఖముగా సాగి, తర్వాతి పండ్రెండింటను వాలు విడువక వేధించును. పడమటిబాటలో కట్టకడపటి కిలోమీటరు తక్కిన వానికంటె కఠినమై, నూటికి పది మీటర్ల వంతున లేచును.

ఇట్టి చోటికి బాట యేల యేర్పడినదని యడుగవచ్చును. బరేజ్ గ్రామమున గంధకముతో గూడిన వేడినీటి బుగ్గలు గలవు. గాయములకును కీళ్ల వ్యాధులకును ఆ నీరు ఔషధమని ప్రసిద్ధి చెందుటచే, పదునేడవ శతాబ్దమున పదునాలుగవ లూయీ రాజు కుమారుడైన మేన్ ప్రభువును, బాల్యముననే కాలి యవిటితనముచే బాధపడుచున్నవానిని, స్నానములకై అచ్చటికి కొనిపోయిరి. ఇట్లు రాజకుటుంబముల రాకపోకలతో కాలిత్రోవ క్రమముగా మెఱుగుపడగా, పందొమ్మిదవ శతాబ్దమున మూడవ నెపోలియన్ ఏలుబడిలో పిరనీసులలోని బుగ్గల గ్రామములను ఒకదానితో నొకటి కలుపు మార్గముగా అది బండ్లు నడచునంతటి బాటయైనది. అనగా రోగులకొఱకు వేసిన త్రోవయే యేబది యేండ్లు తిరుగకముందే బలాఢ్యులకు పరీక్షాస్థలమైనది.

1910వ సంవత్సరమున టూర్ డి ఫ్రాన్స్ నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్, పిరనీసుల మీదుగా పందెము నడపుట సాధ్యమా యని చూచి రమ్మని తన సహాయకుడైన అల్ఫోన్స్ స్టైనెస్‌ను పంపెను. కొండమీద ఇంకను మంచు పేరుకొనియుండగా మోటారుబండి దారిలో నిలిచిపోయినది. స్టైనెస్ బండిని విడిచి, చీకటిలో కాలినడకను కనుమ దాటబోయి, మంచులో పడుచు లేచుచు తెల్లవాఱక మునుపు బరేజ్ చేరెను. అంతటి ప్రాణాపాయము గడచియును, బాట బాగుగానున్నదనియు, ప్రయాణమునకు అడ్డంకి లేదనియు ఆయన దెగ్రాంజ్‌కు తంతినిచ్చెను. ఆ సంవత్సరము జులై 21వ తేదీన లుషాన్ పట్టణమునుండి బయోన్ వఱకు 326 కిలోమీటర్ల దూరము, పెరసూర్ద్, ఆస్పాన్, టూర్మలే, ఓబిస్క్ అను నాలుగు కనుమల మీదుగా, ఒక్క దినమున సాగిన పందెమున టూర్మలేను మొదట దాటినవాడు ఆక్టావ్ లపీజ్. సైకిలును కొంతదూరము త్రొక్కుచు, కొంతదూరము త్రోసికొనుచు అతడు పైకి చేరెను. సైకిలు దిగకుండ కనుమను ఎక్కినవాడు గుస్తావ్ గారిగూ ఒక్కడే. ఓబిస్క్‌మీద నిర్వాహకులను చూచి లపీజ్ మీరు హంతకులని కేకవేసిన సంగతి ఆ పందెపు చరిత్రలో చిరస్థాయిగా నిలిచినది. నాటి దినమును, ఆ సంవత్సరపు పందెమును గెలిచిన ఆ వీరుడు ఏడేండ్లకు, 1917లో, మొదటి ప్రపంచయుద్ధమున విమానచోదకుడై పోరాడుచు మరణించెను. నేడు కనుమ శిఖరమున నిలిచియున్న సైకిలు వీరుని లోహవిగ్రహము అతని స్మృతికే చిహ్నము.

ఇక తూనిక సంగతి. పడమట లూజ్ పట్టణమునుండి కనుమ వఱకు బాట పొడవు 19 కిలోమీటర్లు. ఎక్కవలసిన ఎత్తు 1,404 మీటర్లు. సగటు వాలు నూటికి 7.4. సైకిలుతోను దుస్తులతోను నీటిసీసాతోను గూడి పందెగాని బరువు 75 కిలోలనుకొందము. ఈ వాలుమీద భూమ్యాకర్షణ వానిని వెనుకకు లాగు బలము, అయిదున్నర కిలోల బరువును చేత మోయుటకు కావలసిన బలమంత మాత్రమే. వినుటకు ఇది స్వల్పము. కాని ఆ లాగుడు 19 కిలోమీటర్లలో ఒక్క అడుగైనను ఆగదు. మైదానమున త్రొక్కుట మానినను బండి తన వేగముచేత కొంతదూరము సాగును. ఇచ్చట ఏడెనిమిది క్షణములలో నిలిచిపోవును. విశ్రాంతి యన్నది కొండకు తెలియదు. అడుగునుండి పై వఱకు 75 కిలోలను ఎత్తుటకు చేయవలసిన పని లెక్కింపగా పది లక్షల ముప్పదివేల జౌలులగును. మేటి పందెగాడు దీనిని 50 నిమిషములలో ముగించెననుకొన్నచో, ఎత్తుటకే క్షణమునకు సుమారు 344 జౌలులు, అనగా 344 వాట్టుల శక్తి కావలెను. గాలిని చీల్చుకొనుటకును, చక్రములు నేలపై దొర్లుటకును మఱియొక అఱువది వాట్టులు చేర్చినచో మొత్తము దాదాపు 400 వాట్టులు. మన యిండ్లలో తిరుగు సీలింగు ఫ్యాన్లు అయిదింటిని దాదాపు గంటసేపు ఆగకుండ త్రిప్పుటకు చాలిన శక్తిని ఒక్క మనుష్యుని కాళ్లు ఇచ్చుచున్నవని దీని యర్థము.

ఈ లెక్కలోనే కొండకును మైదానమునకును గల మూలభేదము దాగియున్నది. గాలి యొక్క నిరోధము వేగపు వర్గమును బట్టి పెరుగును. దానిని జయించుటకు కావలసిన శక్తి వేగపు ఘనమును బట్టి పెరుగును. గంటకు 45 కిలోమీటర్ల వేగమున మైదానమున పోవు పందెగాడు తన శక్తిలో అత్యధికభాగమును గాలికే ధారవోయుచుండును. కాని వాడు తనకు ముందున్నవాని వెనుక నానుకొని పోయినచో ఆ గాలి బాధ బహుళముగా తగ్గును. గుంపు నడుమ నున్నచో మఱింత తగ్గును. అందుచేత మైదానమున బలహీనుడు బలవంతుని నీడలో గంటల తరబడి సాగగలడు. జట్టువారు తమ నాయకుని చుట్టును ఒక కోటయై కాపాడగలరు. కనుమ యెక్కునప్పుడు వేగము గంటకు 23 కిలోమీటర్లకు పడిపోగా, గాలికి చెల్లవలసిన శక్తి 350 వాట్టుల ప్రాంతమునుండి 40 వాట్టులకు దిగిపోవును. శక్తిలో ఆఱింట అయిదు పాళ్లు భూమ్యాకర్షణకే వ్యయమగును. ముందున్నవాడు గాలిని ఆపగలడు గాని భూమ్యాకర్షణను ఆపలేడు. ఇతరులెంతటి స్నేహితులైనను, వాని బరువును వాడే మోసికొనిపోవలెను. గుంపు పర్వతపాదమున చెదరిపోయి, పైకి పోయినకొలది ఒక్కొక్కరుగా విడిపోవుటకు కారణమిదియే. 1969లో బెల్జియము వీరుడు ఎడ్డీ మెర్క్స్ ఈ కనుమను అందఱికంటె ముందుగా దాటి, ఆ పైన గమ్యము వఱకు నూఱు కిలోమీటర్లకు పైగా ఒంటరిగా సాగి గెలిచిన దినము, ఈ సత్యమునకు చరిత్రయిచ్చిన గొప్ప నిదర్శనము.

అయితే కాళ్లు ఇచ్చు ఆ 400 వాట్టులు ఎచ్చటనుండి వచ్చుచున్నవి? కండరములు ఆహారపు శక్తిలో నాల్గవ వంతునకు కొంచెము తక్కువ భాగమును మాత్రమే చలనముగా మార్చగలవు; తక్కినదంతయు వేడియై వెలువడును. టూర్మలేను ఒక్కసారి ఎక్కుటకు పందెగాని దేహము సుమారు 1,250 కిలోకాలరీల ఆహారమును దహించును. అందు ముప్పాతికకు పైగా ఉష్ణమే. ఆ ఉష్ణము దేహమున నిలిచిపోయినచో కొన్ని నిమిషములలోనే జ్వరము ముదిరి ప్రాణాపాయము గలుగును. దానిని తొలగించునది ప్రధానముగా చెమట. ఒక లీటరు చెమట చర్మముమీద ఆవిరియగునప్పుడు దాదాపు ఇరువదినాలుగు లక్షల జౌలుల వేడిని వెంటగొనిపోవును. ఈ లెక్కన కనుమ చేరునప్పటికి ఒకటిన్నర లీటరుకు పైగా నీరు దేహమునుండి ఇగిరిపోవలసియుండును. మైదానమున ఎదురుగాలి చెమటను త్వరగా ఆర్చును. కొండమీద వేగము తగ్గుటచే ఆ సహాయమును తగ్గును. నీటిసీసాలు మోసికొని గుంపు వెనుకకును ముందుకును తిరుగు సామాన్య సభ్యుల సేవ లేనిదే ఏ నాయకుడును గెలువజాలడనుట ఇందుచేతనే సత్యము.

కండరములకు మఱియొక స్వభావము కలదు. అతి నెమ్మదిగా, అతి బలముగా ముడుచుకొనవలసి వచ్చినచో అవి శీఘ్రముగా అలసిపోవును. మితమైన బలముతో వేగముగా కదలునప్పుడు ఎక్కువసేపు పనిచేయును. నిమిషమునకు ఎనుబది తొంబది చుట్లు త్రొక్కుట నేటి పందెగాండ్రకు అనుకూలము. గేర్ల ప్రయోజనమిదియే: వాలు పెరిగినప్పుడు త్రొక్కుడుకు చక్రము తిరుగు ప్రమాణమును తగ్గించి, కాళ్లకు తమ లయను నిలుపుకొను వీలు కల్పించును. 1910 నాటి వీరులకు ఈ సదుపాయము లేదు. అప్పటి సైకిళ్లు నేటివాని బరువుకు దాదాపు రెండింతలు; వాలుకు తగినట్లు గొలుసును నడకలోనే మార్చు యంత్రమును దెగ్రాంజ్ తన పందెమున చాలకాలము అనుమతింపలేదు; 1937లో మాత్రమే అది అందఱకును లభించినది. అందుచేత లపీజ్ వంటి బలవంతుడును దిగి నడువవలసివచ్చెను. అది వాని కాళ్ల లోపము కాదు, నాటి యంత్రముయొక్క పరిమితి. నేడు అంతర్జాతీయ సైకిలు సమాఖ్య నియమము ప్రకారము సైకిలు 6.8 కిలోలకు తక్కువ యుండరాదు. ఈ కనుమమీద ఒక కిలో బరువు తగ్గినచో మేటి పందెగానికి అఱనిమిషమునకు కొంచెము పైగా కలిసివచ్చును. క్షణములలో జయాపజయములు తేలు పందెమున ఇంజనీర్లు గ్రాముల కొఱకు శ్రమించుట వ్యర్థము కాదు.

ఎత్తు తెచ్చు కష్టము వాలు మాత్రమే కాదు. 2,115 మీటర్ల ఎత్తున వాయుపీడనము సముద్రతీరమున నున్నదానిలో నూటికి 78 వంతులకు దిగును. గాలిలో ప్రాణవాయువు పాలు మాఱదు గాని, పీడనము తగ్గుటచే ప్రతి శ్వాసతో ఊపిరితిత్తులకు చేరు ప్రాణవాయువు ఆ మేరకు తక్కువగును. దానివలన దేహము వినియోగింపగల గరిష్ఠ ప్రాణవాయువు పదింట ఒక పాలు మేరకు, కొందరిలో అంతకంటె నెక్కువగా, తగ్గిపోవును. వాలు అత్యంత కఠినమగు కడపటి కిలోమీటరున శక్తి అత్యల్పమగుట ఈ కనుమ విధించు విషమపరీక్ష. ఉష్ణోగ్రతయు అడుగునుండి పైకి తొమ్మిది డిగ్రీల మేర పడిపోవును. లూజ్ పట్టణమున ఎండ కాయుచుండగా శిఖరమున పొగమంచు క్రమ్మియుండుట అరుదు కాదు. 2023వ సంవత్సరము జులై మాసమున స్త్రీల టూర్ డి ఫ్రాన్స్ ఈ కనుమమీద ముగిసిన దినమున, దట్టమైన మంచుతెరలోనుండి డచ్చి యువతి డెమీ వోలరింగ్ ఒంటరిగా వెలువడి గెలిచి, ఆ పందెమును సయితము తనదిగా చేసికొనెను. కనుమకు ఉత్తరమున 2,877 మీటర్ల పిక్ దు మిది శిఖరముపై పందొమ్మిదవ శతాబ్దమున స్థాపింపబడిన నక్షత్రశాల యొకటి యున్నది. అపోలో యాత్రలకు ముందు చంద్రతలమును సూక్ష్మముగా చిత్రించిన కేంద్రములలో అది యొకటి. ఏ పలుచని గాలి దూరదర్శినికి నిర్మలమైన ఆకాశమును ప్రసాదించుచున్నదో, ఆ గాలియే క్రింది బాటమీద త్రొక్కువాని రక్తమును ప్రాణవాయువునకై అలమటింపజేయుచున్నది.

ఎక్కుటలో కూడబెట్టిన శక్తి దిగునప్పుడు తిరిగి చెల్లింపవలసిన ఋణమగును. నూటికి ఏడెనిమిది వాలుమీద త్రొక్కకయే గంటకు 65 కిలోమీటర్ల వేగము వచ్చును. దేహమును ముడిచి సైకిలుపై వంగినచో 80 దాటును. మలుపువద్ద బ్రేకు పట్టినప్పుడు ఆ శక్తియంతయు వేడిగా మాఱి బ్రేకులకు సోకును. ముందుచక్రమును పట్టియుంచు ఫోర్కుపై భారము ఒక్కుమ్మడిగా పడును. 1913లో యూజెన్ క్రిస్టఫ్ ఈ కనుమ దిగుచుండగా అతని సైకిలు ఫోర్కు విఱిగినది. పరుల సాయము పొందరాదని నాటి నియమము. అతడు సైకిలును భుజమున వేసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, సాంత్ మరీ ద కాంపాన్ గ్రామమున నొక కమ్మరి కొలిమి చేరి, ఇనుమును తానే కాల్చి, తానే సాగగొట్టి, ఫోర్కును అతికెను. కొలిమితిత్తిని ఒక బాలుడు ఊదినందుకు అతనికి కాలదండన విధింపబడెను. ఆ పందెమును అతడు ఓడిపోయెను. కాని మనుష్యుని పట్టుదలకు ఆ కొలిమి స్మారకమైనది. అతని కథను తెలుపు ఫలకము నేటికిని ఆ గ్రామమున నున్నది.

రక్తమును గుఱించి పైన ప్రస్తావించితిమి గదా! దానిని మభ్యపెట్టుటకు జరిగిన యత్నములను దాటవేయుట సత్యమునకు ద్రోహము. ఎఱ్ఱరక్తకణములలోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయును; ఆ కణములను పెంచు హార్మోను ఎరిత్రోపొయిటిన్ మూత్రపిండములలో పుట్టును. 1990 ప్రాంతమున కృత్రిమముగా తయారైన ఆ ఔషధము రక్తహీనత గల రోగులకు ప్రాణదానము చేయుచుండగా, పందెములలో కొందఱు దానిని దొంగచాటుగా వాడుకొనిరి. రక్తము చిక్కబడి గుండెకు ప్రమాదము తెచ్చునని తెలిసియు వాడిరి. 1997లో రక్తకణముల పాలు నూటికి ఏబది దాటరాదను కట్టుబాటు వచ్చినది. 2008లో ప్రతి పందెగాని రక్తలక్షణములను ఏండ్ల తరబడి నమోదుచేయు పద్ధతి ప్రారంభమైనది. ఇట్టి ఔషధములను వాడినందుకు అమెరికా పందెగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌యొక్క ఏడు టూర్ విజయములును 2012లో రద్దు చేయబడినవి. ఈ విషయమున కొండయు ఒక సాక్షియే. ఎత్తు తెలిసినది, బరువు తెలిసినది, గడియారము చేతనున్నది. ఎవ్వడెంత శక్తి వెచ్చించెనో సామాన్య విద్యార్థియు స్థూలముగా లెక్కింపగలడు. గాలి వాటమును బట్టి కొంత హెచ్చుతగ్గులుండును. ఒక్క లెక్కతో ఒకనిని దోషి యనుట న్యాయము కాదు. కాని ఏండ్ల కొలది అనేకుల కాలములను పోల్చి చూచినప్పుడు, మనుష్యదేహమునకు సహజమైన మేర ఎచ్చట నున్నదో, అసహజమైన పెరుగుదల ఎప్పుడు వచ్చినదో తెలిసిపోవును.

ఈ తులామానమును గుఱించి కడపట చెప్పవలసిన మాట యొకటి కలదు. ప్రతి వేసవిలోను పందెముతో సంబంధము లేని సామాన్యులు, ఉపాధ్యాయులు, కార్మికులు, వృద్ధులు, వేలకొలది ఈ కనుమను సైకిలుమీద ఎక్కుదురు. 150 వాట్టుల శక్తి గలవాడు రెండున్నర గంటలు శ్రమించి, దారిలో నిలిచి, మరల కదలి, పైకి చేరును. వాని సమయమును మేటివాని సమయముతో పోల్చినచో భేదము విపరీతముగా కనిపించును. కాని భౌతికశాస్త్రము పనిని ఒక విధముగాను, శక్తిని మఱియొక విధముగాను కొలుచును. 75 కిలోలను 1,404 మీటర్లు ఎత్తుట యన్న పని, ఏబది నిమిషములలో చేసినను, మధ్యాహ్నమంతయు చేసినను, ఒక్క జౌలైనను తగ్గదు, పెరుగదు. శక్తిలో మాత్రమే విజేతకును సామాన్యునకును అంతరము. పనిలో వారిరువురును సమానులు. బరువైన దేహము గలవాడు, నిదానముగా నెక్కినను, విజేత కంటె నెక్కువ పనియే చేసినవాడగును. కావున విజేతలను కీర్తించు మనము, వారి వెనుక సాయంకాలమునకు కనుమ చేరు అజ్ఞాతులను గూడ అంతే గౌరవముతో చూడవలెను. ఆ గౌరవము జాలి వలన పుట్టినది కాదు, లెక్కవలన తేలినది.